పండగ పందిళ్ళలో వాయించడానికి ఒప్పుకునే ముందు

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇదీ. అనంతపురంలో మీరు ఐదుగురు కాలేజీ స్నేహితులు కలిసి బ్యాండు పెట్టుకున్నారు. గిటారు, బేస్ గిటారు, కీబోర్డు, డ్రమ్స్, పాడే అమ్మాయి. రెండు కాలేజీ ఫంక్షన్లు, ఒక రిసెప్షను చేశారు. ఇప్పుడు వినాయక చవితికి మూడు పందిళ్ళ వాళ్ళు, ఆ తర్వాత ఒక పల్లె తిరునాళ్ళ వాళ్ళు పిలిచారు. పందిళ్ళలో ఒకటి నిమజ్జనం రోజు ట్రాక్టరు మీద వాయించమని. "బయట వాయిస్తే పేరొస్తుందని అందరూ అంటున్నారన్నా, ఇబ్బందులేంటో ఎవరూ చెప్పడం లేదు" అన్నావు.

నేను కర్నూల్లో 22 ఏళ్ళుగా ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తున్నా. పందిళ్ళు, జాతరలు, ఉరుసులు, రథోత్సవాలు అన్నీ తిరిగినవాణ్ణి. వాన, డబ్బు ఎగ్గొట్టడం, తాగి వచ్చి గొడవ చేయడం, ఇవి రెండు మూడు ప్రోగ్రాములు చేస్తే నీకే తెలిసొస్తాయి. వాటి గురించి కూడా చెప్తా. కానీ అన్నిటికంటే పెద్ద నష్టం వేరే ఉంది. అది చడీచప్పుడు లేకుండా వస్తుంది. బయట వాయించేటప్పుడు మీ వాయింపు మీకు వినపడదు. వినపడకుండా ఏళ్ళ తరబడి వాయిస్తే బ్యాండు చెడిపోతుంది.

ఎందుకో చెప్తా. నాదస్వరం, డోలు, తప్పెట, మీ అనంతపురం వైపు ఉరుములు, ఇవన్నీ ఆరుబయటి కోసమే పుట్టిన వాద్యాలు. ఉరుము మీద ఒక దెబ్బ పడితే కరెంటు లేకుండానే ఊరవతలికి వినిపిస్తుంది. మైకులు లేని కాలంలో పద్యనాటకాల వాళ్ళు అంత హెచ్చు శ్రుతిలో పాడింది కూడా అందుకే, ఆఖర్న కూర్చున్నోడికి అందాలని. గిటారు, కీబోర్డు, గుసగుసలా పాడే సినిమా గొంతు అట్లాంటివి కావు. అవి నాలుగు గోడల మధ్య పెరిగినవి. వాటిని బయటికి తెచ్చినప్పుడు మీ చేతిలో ఉండేది వాయిద్యం మాత్రమే. ధ్వని సౌండు వాళ్ళ చేతిలో, కరెంటు లైన్‌మన్ చేతిలో, టైము పోలీసుల చేతిలో, పాట జనం చేతిలో ఉంటుంది.

గదిలో వాయిస్తే శబ్దం గోడకు, కప్పుకు తగిలి మళ్ళీ మీ దగ్గరికొస్తుంది. పక్కవాడు ఏం వాయిస్తున్నాడో, మీరు శ్రుతిలో ఉన్నారో లేదో ఆ తిరిగొచ్చిన శబ్దమే చెప్తుంది. మైదానంలో వెళ్ళిన శబ్దం వెళ్ళినట్టే. దూరం రెట్టింపైన ప్రతిసారీ సుమారు 6 డెసిబెల్స్ పడిపోతుంది. రిహార్సల్ గదిలో గుండెకు తగిలిన బేసు పందిట్లో యాడ పోయిందో తెలీదు. దాంతో బేస్ గిటారు వాడు వాల్యూం పెంచుతాడు. అది విని డ్రమ్మరు గట్టిగా కొడతాడు. ఆ డ్రమ్ముల్లో కీబోర్డు మునిగిపోతుంది కాబట్టి కీబోర్డు వాడు పెంచుతాడు. పాడే అమ్మాయికి పెంచుకోవడానికి ఏ మీటా ఉండదు, గొంతు తప్ప. ఆమె అరుస్తుంది.

దీని మీద ఆలస్యం ఒకటి. శబ్దం గాలిలో సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది. మన దగ్గర పందిరి దగ్గర బాక్సులు పెట్టడంతో ఆగరు, వీధి పొడుగునా స్తంభాలకు హారన్లు కడతారు. వంద మీటర్ల అవతలి హారను శబ్దం మీ చెవికి చేరేసరికి సెకనులో దాదాపు మూడో వంతు అయిపోతుంది. నిమిషానికి 120 దెబ్బల పాటలో ఒక దెబ్బకూ మరో దెబ్బకూ మధ్య ఉండేదే అర సెకను. అంటే మీ పాటే సగం తాళం దాటి వెనక నుంచి వచ్చి మీ మీద పడుతుంది. కొత్త డ్రమ్మర్లు దాన్ని పట్టుకుని నడక జార్చేస్తారు. జనం చప్పట్లతోనూ అంతే. ముప్పై మీటర్ల దూరంలో ఉన్నవాళ్ళకు మీ దెబ్బ ఆలస్యంగా అందుతుంది, వాళ్ళ చప్పట్లు మీకు ఇంకొంత ఆలస్యంగా వస్తాయి. చప్పట్లకు తగ్గట్టు వాయిస్తే ప్రతి చరణానికీ పాట కుంటుతూ పోతుంది. చప్పట్లు చూసి సంతోషపడండి, తాళం మాత్రం డ్రమ్మరు దగ్గరే తీసుకోండి.

మా కథ చెప్తా. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు మునిగినప్పుడు మా కీబోర్డులు, యాంప్లిఫయర్లు, మిక్సరు నీళ్ళలో పోయాయి. అప్పు చేసి మళ్ళీ కొన్నాం. ఆ అప్పు తీర్చడానికి తర్వాతి ఏడాదంతా పిలిచిన ప్రతి పందిరికీ, ప్రతి జాతరకీ ఊ అన్నాం. రిహార్సల్ మానేశాం, టైము యాడుంది? ఆ సీజను అయ్యాక ఒక చిన్న ఏసీ హాల్లో పెళ్ళి ప్రోగ్రాం వచ్చింది. మొదటి పాటకే పెళ్ళికూతురి మేనమామ వచ్చి "కొంచెం తగ్గించండప్పా, మాటలు వినపడ్డం లేదు" అన్నాడు. తగ్గించాం. తగ్గించేసరికి పాటే లేదు. మెల్లగా వాయించడం మా చేతులు మర్చిపోయినాయి. తబలా ఆయన వేలితో వేయాల్సింది అరచేత్తో వేస్తున్నాడు. నేను తీగలాగా పోవాల్సిన చోట పొడి పొడిగా గుద్దుతున్నా. మూడేళ్ళు కష్టపడి నేర్చుకున్నది ఒక్క ఏడాదిలో పోయిందని ఆ రాత్రి తెలిసింది. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

మా దగ్గర పాడే చెల్లెలికి అదే ఏడాది స్వరతంత్రుల మీద కాయలు వచ్చాయి. నెలన్నర మాట్లాడొద్దన్నారు డాక్టరు. మానిటరు బాక్సు, అంటే పాడేవాళ్ళకు తమ గొంతు తమకే వినిపించేలా వాళ్ళ వైపు తిప్పి పెట్టే స్పీకరు, అది లేకుండా రాత్రికి నాలుగు గంటలు అరిచి పాడితే వచ్చేది అదే. నాకు ఎడమ చెవిలో గుయ్యిమనే మోత నిద్రపోయేటప్పుడు కూడా ఉంటుంది, స్టేజి మీద పెద్ద బాక్సు ఎప్పుడూ నా ఎడమ పక్కనే ఉండేది. చెవికి ఒక లెక్క ఉంది: 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు 8 గంటలు తట్టుకోవచ్చు, అక్కణ్ణుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ టైము సగమవుతుంది. 100 డెసిబెల్స్ దగ్గర మిగిలేది 15 నిమిషాలు. పందిట్లో డ్రమ్ముల పక్కన నిలబడితే మొదటి మూడు పాటలకే ఆ కోటా అయిపోతుంది. చెవిలో పెట్టుకునే ప్లగ్గులు మందుల షాపులో చవగ్గా దొరుకుతాయి. ఐదుగురూ కొనుక్కోండి. పోయిన చెవి తిరిగి రాదు తమ్ముడూ, దీనికి మందు లేదు.

ఇంక కరెంటు. ఇది ప్రాణానికి సంబంధించింది, శ్రద్ధగా చదువు. చానా పందిళ్ళకు కరెంటు దగ్గర్లోని స్తంభం నుంచి కొక్కేలు వేసో, పక్కింటి మీటరు నుంచి లాగో ఇస్తారు. ఎర్తు ఉండదు. సీరియల్ లైట్లు, ఫోకస్ లైట్లు, ప్రసాదం దగ్గర మిక్సీ, మీ యాంప్లిఫయర్లు, అన్నీ ఒకే సన్న వైరు మీద. లైట్లు వెలగ్గానే వోల్టేజీ పడిపోయి కీబోర్డు ఆఫై, మళ్ళీ మొదటి నుంచి ఆన్ అవుతుంది. అప్పటికి పల్లవి అయిపోతుంది. అంతకంటే ప్రమాదం న్యూట్రల్, అంటే కరెంటు తిరిగి పోయే వైరు, ఊడటం. మూడు ఫేజుల లైన్లో న్యూట్రల్ తెగితే 230 వోల్టులు రావాల్సిన చోట 400 దాకా కూడా రావచ్చు. ఒక తిరునాళ్ళలో మాకు అట్లాగే రెండు అడాప్టర్లు, ఒక మిక్సరు పొగలొచ్చి పోయాయి. ఎవరూ పైసా ఇవ్వలేదు.

గిటారు వాయిస్తూ పాడేవాడికి ఇంకో ముప్పు ఉంది. గిటారు యాంప్లిఫయరు ఒక లైను మీద, మైకు మిక్సరు ఇంకో లైను మీద ఉండి, ఎర్తు లేకపోతే, ఇనుప తీగల మీద చెయ్యి, మైకు మీద పెదవి, రెండిటి మధ్యా మనిషే వైరు అయిపోతాడు. మా గిటారిస్టు పెదవి మైకుకు తగిలీ తగలగానే వెనక్కి పడ్డాడు. చెక్క స్టేజి కాబట్టి, వాన లేదు కాబట్టి బతికాడు. ఆ రోజు నుంచి మేం మూడు పట్టుదలలు పెట్టుకున్నాం. స్టేజి మీద వాయిద్యాలు, మిక్సరు, యాంప్లిఫయర్లు అన్నీ ఒకే బోర్డు నుంచి, ఎర్తు ఉన్న లైను నుంచి రావాలి. ఆ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్చి, ఉండాలి. మాది మేమే పెట్టెలో బిగించుకుని వెంట తీసుకుపోతాం. ఎలక్ట్రీషియను మీటరు పెట్టి మైకు జాలీకీ గిటారు తీగలకూ మధ్య వోల్టేజీ చూసి సరే అన్నాకే ఎవరైనా మైకు ముట్టుకోవాలి. కొక్కేల లైను అయితే జనరేటరు తెప్పించమంటాం, లేకుంటే వాయించం. "ఇన్నేళ్ళుగా ఇట్లనే జరుపుకుంటున్నాం, ఏం కాలేదు" అంటారు. అననీ.

మీ మూడో పందిరి, ట్రాక్టరు మీదది, నా మాట విని వద్దను. కదిలే బండి, దాని మీద జనరేటరు, పైన కిందికి వేలాడే వైర్లు, చుట్టూ రంగులు, నీళ్ళు చల్లుకునే పిల్లలు. కర్నూల్లో వినాయకులన్నీ కేసీ కాలువకు కదిలే రోజు నేను నాలుగు సార్లు బండెక్కాను. వీధి మలుపులో విగ్రహం వైరుకు తగులుతుందేమోనని ఒకడు కర్రతో వైరు పైకెత్తుతుంటాడు, కింద మనం వాయిస్తుంటాం. ఒకసారి తల వంచడం ఒక్క క్షణం లేటయితే ఏమయ్యేదో! దానికి డప్పులు, తప్పెట్లు ఉన్నాయి. అది వాళ్ళ పని, వాళ్ళకే ఇవ్వాలి. మేం మైకులు తెచ్చి వాళ్ళ కూలి చానా తగ్గించాం, ఆ సంగతి కూడా గుర్తు పెట్టుకో.

వాన గురించి ఒక మాట. అనంతపురంలో వానే పడదు కదా అని ధైర్యంగా ఉండొద్దు. ఏడాది మొత్తంలో పడే ఆ కాస్త వాన అన్ని నెలలకంటే ఎక్కువగా సెప్టెంబరు, అక్టోబరుల్లోనే పడుతుంది. సరిగ్గా చవితి, దసరా రోజులు. చినుకు పడగానే టార్పాలిన్ కప్పి వాయించమంటారు. ముందు మెయిన్ స్విచ్చి ఆపించు, తర్వాతే కప్పు. వాన వెలిసి లైట్లు వేస్తే ఉసిళ్ళు లేస్తాయి. కీబోర్డు మీద రెక్కలు, పాడే అమ్మాయి నోట్లో పురుగు. ఫోకస్ లైట్లు ఆమె మొహం ముందు కాకుండా పక్కకు, దూరంగా పెట్టించండి. ఉగాది, శ్రీరామనవమి ప్రోగ్రాములైతే ఎండ. సాయంత్రం ఐదుకు సౌండ్ చెక్ చేసి ట్యూన్ చేసిన గిటారు ఎనిమిదికి అట్లే ఉండదు. ఎండకు తీగ సాగి శ్రుతి దిగుతుంది, చల్లబడితే ఎక్కుతుంది. తోలు వాద్యాలు దానికి రివర్సు, పొడి గాలికి బిగిసి ఎక్కుతాయి, తేమకు వదులవుతాయి. వేణువు వేడికి ఎక్కుతుంది. కీబోర్డు ఒక్కటే కదలదు, అందరూ దానికే కలుపుకోవాలి, ప్రతి నాలుగు పాటలకొకసారి.

టైము సంగతి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకర్లు వేయకూడదు. పండగలకు ప్రభుత్వం అర్ధరాత్రి 12 దాకా సడలింపు ఇవ్వచ్చు, అదీ ఏడాదికి 15 రోజులు మించకుండా. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ కనీసం వంద మీటర్లు నిశ్శబ్ద మండలంగా ప్రభుత్వం ప్రకటించవచ్చు. మైకు పర్మిషను కాగితం కమిటీ తీసుకోవాలి. కానీ ఎస్సై వచ్చినప్పుడు స్టేజి మీద కనపడేది మీరు, కమిటీ వాళ్ళు కారు. ఆ కాగితం ఫోటో మీ ఫోన్లో ఉండాలి. ఇంకొకటి, మీకు తెలియాల్సింది: రాత్రి నేల చల్లబడ్డాక కింద చల్లగాలి, పైన వెచ్చటి గాలి ఉంటాయి. అప్పుడు శబ్దం పైకి పోకుండా కిందికి వంగి చానా దూరం పోతుంది. ఏడు గంటలకు పక్క వీధికి వినపడని బేసు పదకొండుకు పక్క ఊళ్ళో ముసలాయన మంచాన్ని కదిలిస్తుంది. ఆయన ఫిర్యాదు చేస్తే తప్పు ఆయనది కాదు. తొమ్మిదిన్నర తర్వాత బేసు తగ్గించమని సౌండు వాళ్ళకు ముందే చెప్పండి.

మొదలయ్యే టైము కూడా మీది కాదు. ఏడింటికి అని పిలుస్తారు. పూజ, ఉపన్యాసాలు, దాతలకు శాలువాలు, నాయకుడి రాక, లడ్డు వేలం. అన్నీ అయ్యి తొమ్మిదికి స్టేజి ఇస్తారు, పదికి ఆపమంటారు. మధ్యలో ఏ పాట ఏ చరణంలో ఉన్నా మైకు లాక్కుని "ఎర్ర చొక్కా వేసుకున్న నాలుగేళ్ళ బాబు..." అని మొదలుపెడతారు. ఆ ఒక్కటి మాత్రం మేం ఎప్పుడూ విసుక్కోలేదు. తప్పిపోయిన బిడ్డ ముందు, పాట తర్వాత.

పాడే అమ్మాయి మీతో ఉంది కాబట్టి ఇది నువ్వే బాధ్యతగా చూడాలి. స్టేజి వెనక బట్టలు మార్చుకోవడానికి చోటు ఉండదు. బాత్రూం ఉండదు. పొద్దున్నుంచి నీళ్ళు తాగకుండా వచ్చి పాడే ఆడపిల్లల్ని నేను ఎంతమందినో చూశాను, అందుకే గొంతు ఇంకా త్వరగా పోతుంది. దగ్గర్లో ఒక ఇంట్లో ఆడవాళ్ళు ఉండే చోట గది చూపిస్తేనే వస్తామని ముందే చెప్పండి. చెప్తే ఏదో ఒక అక్క, పెద్దమ్మ సంతోషంగా ఇంటికి తీసుకుపోతుంది, మన ఊళ్ళల్లో ఆ మంచితనం ఉంది. నోట్లు చల్లడానికి, పక్కన నిలబడి డాన్సు చేయడానికి స్టేజి ఎక్కితే పాట ఆపుతామని కమిటీ పెద్దల ముందు మాట తీసుకోండి. మాట తీసుకున్నాక ఎవడైనా ఎక్కితే నిజంగానే ఆపండి. ప్రోగ్రాం అయ్యాక మొదట ఆమెను ఇంటి గడప దాకా చేర్చాలి, బాక్సులు తర్వాత సర్దుకోవచ్చు.

పాటల్లో ఒక హీరోవి మూడు వేసి ఇంకో హీరోది ఒకటే వేస్తే కుర్చీలు లేస్తాయి. పార్టీ పాటలు అస్సలు వద్దు, ఎంత డబ్బిచ్చినా. లిస్టు ముందే కమిటీకి చూపించి దాని ప్రకారమే పోండి.

డబ్బు దగ్గర లెక్క సూటిగా వేసుకో. ఉదాహరణకు 20,000కు మాట్లాడుకున్నారనుకో. టెంపో, డీజిలు, రెండు పూటల తిండి, తెగిన తీగ, పాడైన కేబులు తీసేస్తే ఐదుగురికి తలా రెండున్నర వేలు మిగిలితే గొప్ప. దానికి పోయింది రెండు రోజులు, ఒక నిద్ర. అదీ మొత్తం చేతికొస్తేనే. పల్లెల్లో చందాలు పంటను బట్టి ఉంటాయి. శెనక్కాయ పోయిన ఏడాది కమిటీ వాళ్ళు మోసం చేయాలని కాదు, నిజంగానే వాళ్ళ దగ్గర లేక "దేవుడి కార్యం అప్పా, మళ్ళీ ఏడాది చూసుకుంటాం" అంటారు. వాళ్ళ మీద కోపం రాదు, కానీ టెంపో వాడికి ఇవ్వాల్సింది ఇవ్వాలి కదా. అందుకే సగం అడ్వాన్సు, మిగతా సగం మొదటి పాటకు ముందు. జనరేటరు డీజిలు ఎవరిది, సౌండు ఎవరిది, వానొచ్చి ఆగిపోతే ఎంత ఇస్తారు, ఈ మూడూ కాగితం మీద రాయించుకో. మాట మీద నమ్మకం లేక కాదు, చవితి హడావిడిలో ఎవరికీ ఏదీ గుర్తుండదు.

ఇంటి సంగతి కూడా చెప్పాలి. శివరాత్రి, ఉగాది, శ్రీరామనవమి, చవితి, దసరా, అందరూ ఇంట్లో ఉండే రోజులే మనకు పని రోజులు. మా అమ్మ చేసిన ఉండ్రాళ్ళు పండగనాడు తిన్నది 22 ఏళ్ళలో రెండు సార్లు. ఆమె పోయాక ఆ రెండు సార్లే గుర్తుకొస్తాయి. మీ ఐదుగురి ఇళ్ళల్లో దీని గురించి ఇప్పుడే మాట్లాడుకోండి.

ఇప్పుడు నీ నాలుగు పిలుపుల సంగతి. ట్రాక్టరుది మానుకో. మిగిలిన రెండు పందిళ్ళలో ఏది సందులో ఉందో, మూడు పక్కలా ఇళ్ళ గోడలున్నాయో అది ఒప్పుకో, అక్కడ మీరు మీకు కొంతైనా వినపడతారు. రెండోది మైదానంలో ఉంటే మానిటర్లు కనీసం రెండు ఇస్తామంటేనే ఒప్పుకో, ఒకటి పాడే అమ్మాయికి, ఒకటి డ్రమ్మరుకు. ఆమె మానిటర్లో ఆమె గొంతు, కీబోర్డు తప్ప ఇంకేం వద్దు. అందరూ అన్నీ కావాలంటే మైకు కూత పెడుతుంది. ప్రోగ్రాం రోజు ఒక స్నేహితుడికి ఫోనిచ్చి జనంలో, ఇరవై మీటర్ల దూరంలో నిలబెట్టి మొత్తం రికార్డు చేయించు. మర్నాడు ఐదుగురూ కూర్చుని వినండి. నచ్చదు. అయినా వినండి.

ప్రతి బయటి ప్రోగ్రాంకీ ఒక సాయంత్రం లెక్కన, ఎవరింట్లోనైనా తలుపులు వేసుకుని, మైకులు లేకుండా, పక్కవాడి ఊపిరి వినపడేంత మెల్లగా వాయించుకోండి. 2011 నుంచి మేం ఈ ఒక్క పద్ధతి తప్పలేదు. తబలా ఆయన వేళ్ళు మళ్ళీ తిరగడానికి ఎనిమిది నెలలు పట్టింది.

తిరునాళ్ళ విషయం ఇప్పుడే చెప్పలేను. లైను ఏ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఇస్తారు, ఎర్తు గుంత ఉందా, స్టేజి చెక్కదా ఇనుపదా, ఈ మూడూ కమిటీ వాళ్ళనడిగి నాకు రాయి. ఇనుప స్టేజి, ఎర్తు లేదు అంటే వెళ్ళొద్దనే చెప్తాను. లేకపోతే ఏ వాయిద్యం ఎక్కడ నిలబెట్టాలో బొమ్మ గీసి పంపిస్తా.